విశాఖ నుంచి విజయవాడ: గాలిలో 290 కిలోమీటర్లు, మరి గడప నుంచి గడపకి ఎంత?

విశాఖలో ఉంటూ పనుల మీద తరచూ విజయవాడ వెళ్లొచ్చేవాళ్లు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి. ప్రయాణం అనుకున్న ప్రతిసారీ ఇంట్లో అదే చర్చ: ఫ్లైటా, వందేభారతా, లేక కారు తీసేద్దామా? ఎవరో ఒకరు ఫోన్‌లో చూసి "ఫ్లైట్ గంటే కదా, రైలు నాలుగు గంటలు" అంటారు. ఆ మాటతో చర్చ ముగిసిపోతుంది, టికెట్ బుక్ అయిపోతుంది. మర్నాడు చూస్తే ఇంట్లోంచి బయల్దేరిన నాలుగున్నర గంటలకు విజయవాడ బెంజ్ సర్కిల్‌లో దిగుతాం. ఆ గంట ప్రయాణం నాలుగున్నర గంటలు ఎలా అయింది, ఎవరికి విమానం నిజంగా లాభం, ఎవరికి కాదు అన్నది లెక్కవేసి చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందు దూరం సంగతి. విశాఖ విమానాశ్రయానికీ విజయవాడకి విమానాశ్రయమైన గన్నవరానికీ మధ్య సూటి దూరం దాదాపు 290 కిలోమీటర్లు. మ్యాప్ మీద ఈ రెంటినీ గీతతో కలిపితే అది ఇంచుమించు రాజమండ్రి మీదుగానే పోతుంది. రైలు మార్గం 350 కిలోమీటర్లు, 16వ నంబరు జాతీయ రహదారి మీద కూడా సుమారు అంతే. అంటే నేల మీద వెళ్లేవాళ్లు అదనంగా తిరిగేది 60 కిలోమీటర్లే. కొండలో, సముద్రమో అడ్డొచ్చి రోడ్డు ఎక్కడెక్కడో చుట్టి రావాల్సిన చోట విమానం బాగా గెలుస్తుంది. ఇక్కడ అలాంటి అడ్డంకి లేదు. తుని, సామర్లకోట, రాజమండ్రి, తాడేపల్లిగూడెం, ఏలూరు మీదుగా రైలు దాదాపు సూటిగానే పోతుంది. ఈ రెండు ఊళ్ల మధ్య విమానం లాభం అంత పెద్దగా కనిపించకపోవడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం వేగం. ఇలాంటి చిన్న దూరాలకు ఎక్కువగా ఏటీఆర్ విమానాలు నడుపుతారు. రెక్కల ముందు పంకాలు తిరుగుతూ కనిపిస్తాయే, అవి. పైకి వెళ్లాక గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పోతాయి. 290ని 500తో భాగిస్తే 35 నిమిషాలే రావాలి. కానీ టైమ్‌టేబుల్‌లో గంట, గంటా పది నిమిషాలు అని ఉంటుంది. అందులో దాపరికం ఏమీ లేదు. నిలబెట్టిన చోటు నుంచి కదిలిన క్షణం మొదలు, దిగాక మళ్లీ నిలబెట్టేవరకూ పట్టే సమయం అంతా కలిపి అలా చూపిస్తారు. రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లాలి, వంతు వచ్చేదాకా ఆగాలి, పైకెక్కాలి, దిగేముందు గన్నవరం రన్‌వేకి ఎదురుగా వరుసలోకి రావాలి. ఇవన్నీ దూరంతో సంబంధం లేని ఖర్చులు. ఢిల్లీ వెళ్లినా అంతే, విజయవాడ వెళ్లినా అంతే. ప్రయాణం చిన్నదయ్యేకొద్దీ ఈ స్థిరమైన ఖర్చు వాటా పెరిగిపోతుంది.

కొందరు ఏటీఆర్ అని చూడగానే వద్దనుకుని పెద్ద జెట్ ఉన్న టైమ్ కోసం వెతుకుతారు. ఇంత చిన్న దూరంలో జెట్‌కి పూర్తి వేగం అందుకుని కాస్త సేపు పోయేలోపే దిగడం మొదలుపెట్టాల్సి వస్తుంది. మిగిలేది పది నిమిషాలు, మహా అయితే పావుగంట. దానికోసం మీ పని సమయాన్ని మార్చుకోవద్దు. వానాకాలంలో ఏటీఆర్ కాస్త ఎక్కువ కుదుపుతుందన్నది నిజమే. కుదుపులంటే టెన్షన్ పడేవాళ్లు పొద్దున విమానం ఎంచుకోవడం మంచిది. మధ్యాహ్నం ఎండ ముదిరాక మేఘాలు పేరుకుంటాయి.

గడప నుంచి గడపకి లెక్క

విశాఖలో ఎంవీపీ కాలనీలో ఇల్లు, విజయవాడలో బెంజ్ సర్కిల్ దగ్గర పని అనుకుందాం. చాలామందికి దగ్గరగా సరిపోయే లెక్క ఇది.

ఇంటి నుంచి విశాఖ ఎయిర్‌పోర్టుకి 40 నిమిషాలు, ఎన్‌ఏడీ కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇంకాస్త. దేశీయ విమానాలకు చెకిన్ కౌంటర్లు సాధారణంగా గంట ముందే మూసేస్తారు కాబట్టి, సూట్‌కేస్ ఇవ్వాల్సినవాళ్లు గంటన్నర ముందు అక్కడ ఉండాలి. విమానంలో గంటా ఐదు నిమిషాలు. దిగి, బెల్ట్ మీద సామాను వచ్చి, బయటికి రావడానికి 25 నిమిషాలు. గన్నవరం నుంచి రామవరప్పాడు రింగు మీదుగా బెంజ్ సర్కిల్‌కి ఇంకో 40 నిమిషాలు. మొత్తం నాలుగు గంటలా ఇరవై నిమిషాలు. చేతి సంచి మాత్రమే ఉండి, ముందే ఫోన్‌లో చెకిన్ చేసుకుని, సరిగ్గా గంట ముందు చేరి, దిగాక బెల్ట్ దగ్గర ఆగే పని లేనివాళ్లకు ఇది మూడు గంటలా 35 నిమిషాలకు తగ్గుతుంది.

వందేభారత్‌కి ఇంటి నుంచి స్టేషన్‌కి 25 నిమిషాలు, ముందు చేరేది ఇరవై నిమిషాలు, రైల్లో నాలుగు గంటలా పది నిమిషాలకు అటూ ఇటూ, ప్లాట్‌ఫారం దాటి బయటికి రావడానికి పది నిమిషాలు, స్టేషన్ నుంచి బెంజ్ సర్కిల్‌కి ఇరవై నిమిషాలు. మొత్తం ఐదు గంటలా 25 నిమిషాలు.

కారైతే ఆరున్నర గంటలు, దారిలో టిఫిన్‌కి ఆగితే ఏడు.

అంటే సూట్‌కేస్ ఉన్నవాళ్లకు విమానం వల్ల మిగిలేది గంట. చేతి సంచితో వెళ్లేవాళ్లకు దాదాపు రెండు గంటలు. టికెట్ సైట్‌లో కనిపించే మూడు గంటల తేడా ఎవరికీ దక్కదు.

ఇంకో విషయం నాకు ఈ నిమిషాల కన్నా ముఖ్యం అనిపిస్తుంది. రైల్లో నాలుగు గంటలూ ఒకే ముక్కగా దొరుకుతాయి. లాప్‌టాప్ తెరిచి పనిచేసుకోవచ్చు, నిద్రపోవచ్చు, కాగితాలు చదువుకోవచ్చు. విమానం ప్రయాణంలోని నాలుగు గంటలు ముక్కలు ముక్కలుగా ఉంటాయి. క్యాబ్, క్యూ, సెక్యూరిటీ, గేటు, బస్సు, సీటు, మళ్లీ బస్సు, మళ్లీ క్యాబ్. వాటిలో దేనిలోనూ ఎక్కువసేపు కుదురుగా కూర్చోలేం. పొద్దున్నే మీటింగ్‌కి సిద్ధమవ్వాల్సిన వాళ్లకు రైలు గంట ఎక్కువ తీసుకున్నా, నాలుగు గంటలు తిరిగి ఇస్తుంది.

ఏ వైపు నుంచి బయల్దేరుతున్నారు?

ఈ సంగతి చాలామంది పట్టించుకోరు. విశాఖ నుంచి వెళ్లి అదే రోజు తిరిగి రావాలంటే వందేభారత్ బాగా అమరుతుంది. తెల్లవారుజామున ఆరు లోపే విశాఖలో బయల్దేరి పది గంటల ప్రాంతంలో విజయవాడలో దించుతుంది. సికింద్రాబాద్ నుంచి తిరిగొచ్చే బండి సాయంత్రం ఏడు ప్రాంతంలో విజయవాడలో ఎక్కించుకుని రాత్రి పదకొండున్నర ప్రాంతంలో ఇంటి ఊరు చేరుస్తుంది. పని చేసుకోవడానికి తొమ్మిది గంటల సమయం. ఈ బండి 2023 సంక్రాంతి రోజు మొదలైంది. అప్పట్నుంచి లాడ్జి గది తీసుకోవాల్సిన అవసరం చాలామందికి తప్పింది.

విజయవాడ నుంచి విశాఖ వచ్చేవాళ్లకు ఆ సౌకర్యం లేదు. 2024 మార్చిలో మొదలైన రెండో వందేభారత్ సికింద్రాబాద్‌లో పొద్దున బయల్దేరి విశాఖ చేరేసరికి మధ్యాహ్నం రెండు కావస్తుంది. కాసేపటికే అది తిరుగు ప్రయాణం కడుతుంది. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ పొద్దున విజయవాడలో ఎక్కితే విశాఖలో మధ్యాహ్నం పన్నెండు. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే విజయవాడలో దిగేసరికి అర్ధరాత్రి దగ్గరపడుతుంది. చేతిలో మిగిలేది ఐదు గంటలే. కాబట్టి విజయవాడలో ఉండి ఒక్కరోజులో విశాఖ పని ముగించుకోవాలనుకునేవాళ్లకు, మీ తేదీన పొద్దున నేరుగా వెళ్లే విమానం ఉంటే, అదే సరైన ఎంపిక అని నిస్సంకోచంగా చెబుతాను. వెళ్లేటప్పుడు విమానం, వచ్చేటప్పుడు రాత్రి రైలు అన్న కలయిక ఇంకా మంచిది.

రెండు వందేభారత్‌లకూ వారంలో ఒక్కో రోజు సెలవు ఉంటుంది. ఆ రోజులు మధ్యలో మారుతుంటాయి కూడా, టికెట్ తీసేముందు చూసుకోండి. రైలు బుకింగ్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. సీటు దొరక్కపోతే ముందురోజు పొద్దున పదింటికి ఏసీ తత్కాల్ ఉంది. చార్టు వేశాక కరెంట్ బుకింగ్‌లో కూడా ఒక్కోసారి సీట్లు కనిపిస్తాయి, ఆశ వదులుకోకుండా ఓసారి చూడండి.

హైదరాబాద్ మీదుగా చూపిస్తే తీసుకోవద్దు

నేరుగా వెళ్లే విమానాలు ఈ దారిలో తక్కువ. అవి నిండిపోయిన రోజున టికెట్ సైట్లు శంషాబాద్‌లో మారి వెళ్లే దారి చూపిస్తాయి. విశాఖ నుంచి శంషాబాద్ సుమారు 510 కిలోమీటర్లు, అక్కడి నుంచి గన్నవరం వెనక్కి సుమారు 265. 290 కిలోమీటర్ల దూరానికి 775 కిలోమీటర్లు ఎగురుతాం. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు. మధ్యలో కూర్చునే సమయం కూడా కలిపితే ఐదారు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. విమానం అన్న పేరుంది కాబట్టి రైలు కన్నా వేగం అనుకుని కొనేవాళ్లను చూశాను. ఇది ఏ లెక్కన చూసినా దండగ. నేరుగా విమానం లేని రోజున రైలు, రైలు లేకపోతే రాత్రి బస్సు. రాత్రి పదింటికి ద్వారకా బస్ స్టేషన్‌లో ఏసీ బస్సు ఎక్కితే తెల్లవారేసరికి పండిట్ నెహ్రూ బస్ స్టేషన్. ఏడెనిమిది గంటలు పట్టినా అది నిద్రపోయే సమయమే, పగటి పని గంటల్లోంచి పోయేది ఏమీ ఉండదు.

పొగమంచు, తుపాను, నౌకాదళం

డిసెంబర్, జనవరి నెలల్లో గన్నవరంలో తెల్లవారుజామున పొగమంచు దిగుతుంది. చుట్టూ పొలాలు, కాలువలు, చెరువులు. ఆ రోజుల్లో పొద్దున విమానాలు గాల్లో తిరగడం, ఆలస్యంగా దిగడం, వేరే ఊరికి మళ్లడం మామూలే. ఒక జనవరిలో మా విమానం గన్నవరం పైన ముప్పావుగంట చక్కర్లు కొట్టింది. కిటికీలోంచి కింద తెల్లటి దూది పరిచినట్టు ఉంది, ఒక్క చెట్టు కనిపించలేదు. పైలట్‌కి కనిపించనప్పుడు దిగకపోవడమే సరైన పని, అందులో ఎవరి తప్పూ లేదు. కానీ పదింటికి నేను ఉండాల్సిన చోట ఉండలేకపోయాను. సంక్రాంతి ముందు వెనుక వారాల్లో, పొద్దున పదకొండు లోపు తప్పనిసరి పని ఉంటే నేను విమానాన్ని నమ్ముకోను. కోర్టు వాయిదా, ఇంటర్వ్యూ, పరీక్ష, డాక్టర్ అపాయింట్‌మెంట్ లాంటివైతే ముందురోజు సాయంత్రమే వెళ్లిపోవాలి.

విశాఖ వైపు భయం తుపాన్లది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు విమానాశ్రయం టెర్మినల్ పైకప్పే ఎగిరిపోయింది, రాకపోకలు కొన్ని రోజులు ఆగిపోయాయి. అలాంటప్పుడు రైళ్లూ ఆగుతాయి. అక్టోబర్, నవంబర్‌లలో అల్పపీడనం అన్న వార్త వింటే ఏ టికెట్ అయినా రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి. విశాఖ ఎయిర్‌పోర్టు నౌకాదళం స్థావరమైన ఐఎన్ఎస్ డేగాలో ఉంది. రన్‌వే వాళ్లది. వాళ్ల శిక్షణ విమానాల సమయాలను బట్టి పౌర విమానాలకు వేళలు సర్దుబాటు చేస్తారు. అందుకే మనకు అనువైన సమయంలో విమానం లేదని విసుక్కోవడంలో అర్థం లేదు.

విమానం ఆలస్యమైతే మీకున్న హక్కులు తెలుసుకుని ఉండండి. ఇంత చిన్న ప్రయాణాల్లో ఆలస్యం రెండు గంటలు దాటితే అల్పాహారం ఇవ్వాలన్నది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. ఆరు గంటలు దాటేలా ఉంటే వేరే విమానంలో సీటు గానీ, పూర్తి డబ్బు వాపసు గానీ కోరవచ్చు. రైలు మీరు ఎక్కే స్టేషన్‌కి మూడు గంటలకు మించి ఆలస్యంగా వస్తే, ఎక్కకుండా టీడీఆర్ (వాపసు కోసం పెట్టే దరఖాస్తు) పెట్టి మొత్తం డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. రెండూ అడిగితేనే దక్కుతాయి.

డబ్బు, సామాను, పెద్దవాళ్లు

వందేభారత్ చైర్‌కార్ వెయ్యి రూపాయల దరిదాపుల్లో ఉంటుంది, అది రోజును బట్టి పెద్దగా మారదు. విమానం ధర ముందుగా తీసుకుంటే రెండు మూడు రెట్లలో దొరకవచ్చు, ఆఖరి రోజున ఎంతైనా కావచ్చు. దానికి రెండు వైపులా క్యాబ్ ఖర్చు కలపాలి. గన్నవరం నుంచి ఊళ్లోకి క్యాబ్ అంటే తక్కువేం కాదు. తేలిక సామానుతో ఉన్నవాళ్లు హైవే మీదికి నడిచి సిటీ బస్సు ఎక్కవచ్చు, ఎయిర్‌పోర్టు హైవే పక్కనే ఉంది. నలుగురు కుటుంబం అయితే కారు లెక్క వేరు. పెట్రోలు, టోల్‌గేట్లు నలుగురికీ కలిపి ఒక్కటే ఖర్చు, అన్నవరంలో సత్యదేవుని దర్శనం చేసుకుని ప్రసాదం తెచ్చుకోవచ్చు. అది ప్రయాణ సమయంలో లెక్కపెట్టకూడదు.

సామాను విషయం. విమానంలో సాధారణంగా చేతిలో ఏడు కిలోలు, కింద పదిహేను కిలోలు. ఏటీఆర్‌లో తలపైన అరలు చిన్నవి. జెట్‌లో పట్టే ట్రాలీ బ్యాగు ఇక్కడ పట్టక, మెట్ల దగ్గరే తీసుకుని కింద పెట్టేస్తారు. అందులో మందులు, కాగితాలు, ఫోన్ చార్జర్ ఉంటే ముందే బయటికి తీసి పెట్టుకోండి. ఆవకాయ జాడీ గానీ, నెయ్యి డబ్బా గానీ ఉంటే రైలే. సెక్యూరిటీ దగ్గర అమ్మ పెట్టిన పచ్చడి వదిలేసి రావడం ఎంత బాధగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు.

పెద్దవాళ్లతో వెళ్తుంటే నా ఓటు కొంచెం ఆలోచించి వేస్తాను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు విజయవాడ స్టేషన్‌లో ప్లాట్‌ఫారాలు మారడం కష్టం. బండి ఆగేది కొద్ది నిమిషాలే, ఆదరాబాదరాగా దిగాలి. విమానానికి టికెట్ తీసేటప్పుడే వీల్‌చెయిర్ అడిగితే గుమ్మం నుంచి సీటు దాకా ఒక మనిషి తోడుగా వస్తాడు. మా అమ్మ విషయంలో నేను విమానమే ఎంచుకుంటాను, గంట మిగిలినా మిగలకపోయినా. కానీ మాటిమాటికీ బాత్రూముకి వెళ్లాల్సిన పెద్దవాళ్లకు రైలే హాయి.

అమరావతి పనులున్నవాళ్లకు ఒక మాట. వెలగపూడి సచివాలయం, నేలపాడు హైకోర్టు, మంగళగిరి ఎయిమ్స్ ఇవన్నీ విజయవాడకు అవతలి వైపు ఉన్నాయి. గన్నవరంలో దిగితే ఊరంతా దాటుకుని పోవాలి. రైల్వే స్టేషన్‌లో దిగితే ప్రకాశం బ్యారేజీ దగ్గరే. మొదట వేసిన లెక్కలో విమానానికి మిగిలిన గంటలో సగం ఇక్కడే కరిగిపోతుంది. అదే హనుమాన్ జంక్షన్, నూజివీడు వైపు పనైతే గన్నవరం నుంచి ఎదురెళ్లాల్సిన అవసరం ఉండదు, విమానం గట్టిగా గెలుస్తుంది. గన్నవరంలో దిగి ఇంకో ఊరికి విమానం మారేవాళ్లకు కూడా అంతే. కాకపోతే రెండు టికెట్లూ ఒకే బుకింగ్‌లో ఉండాలి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు ఎవరూ బాధ్యత తీసుకోరు.

రాజమండ్రి, కాకినాడ వాళ్లకు ఈ ప్రశ్నే లేదు. మధ్యలో ఉన్నారు, రెండు ఊళ్లకూ రైలే. వందేభారత్ రాజమండ్రిలోనూ సామర్లకోటలోనూ ఆగుతుంది.

ఇదే లెక్క తిరుపతికి వేసి చూస్తే ఫలితం తారుమారవుతుంది. విశాఖ నుంచి తిరుపతి సూటి దూరం సుమారు 600 కిలోమీటర్లు, విజయవాడకి రెట్టింపు. రైల్లో ఒక రాత్రి పూర్తిగా గడిచి ఇంకా పొద్దెక్కుతుంది, పన్నెండు గంటలకు తగ్గదు. విమానంలో మాత్రం ఎయిర్‌పోర్టులో గడిపే స్థిర సమయం అంతే ఉంటుంది, గాల్లో సమయం ఇంకో అరగంట, ముప్పావుగంట పెరుగుతుంది. గడప నుంచి గడపకి ఐదున్నర గంటల్లో పని అయిపోతుంది. తిరుపతి ఎయిర్‌పోర్టు ఉన్న రేణిగుంటలో దిగి నేరుగా కొండకి వెళ్లొచ్చు. నేరుగా విమానం దొరికితే ఆలోచించక్కర్లేదు. అంటే మన రాష్ట్రంలో 300 కిలోమీటర్ల దగ్గర విమానం, రైలు ఇంచుమించు సమానంగా తూగుతాయి. అక్కడ్నుంచి దూరం పెరిగేకొద్దీ విమానం వైపు మొగ్గు పెరుగుతుంది. 300 లోపు అయితే, మంచి రైలు ఉన్నంతవరకూ, విమానం టికెట్ కొనడానికి ప్రత్యేకమైన కారణం ఒకటి ఉండాలి.

ఇక భోగాపురం. అల్లూరి సీతారామరాజు పేరుతో కట్టిన ఆ అంతర్జాతీయ విమానాశ్రయం విశాఖ నడిబొడ్డు నుంచి 45 కిలోమీటర్ల దూరంలో, విజయనగరం జిల్లాలో ఉంది. విశాఖ పౌర విమానాలు అక్కడి నుంచి నడిచినప్పుడు పైన వేసిన లెక్క మొత్తం మళ్లీ వేసుకోవాలి. గన్నవరానికి గాలి దూరం 290 నుంచి 330 దాకా పెరుగుతుంది, అది ఐదు నిమిషాల తేడా, పట్టించుకోనక్కర్లేదు. పట్టించుకోవాల్సింది నేల మీది దూరం. ఎంవీపీ కాలనీ నుంచి 40 నిమిషాలు కాస్తా గంట దాటుతుంది. సూట్‌కేస్ ఉన్నవాళ్లకు విమానంలో మిగిలే గంట అరగంట అవుతుంది. గాజువాక, కూర్మన్నపాలెం వాళ్లయితే ఊరంతా దాటి అవతలి కొసకి వెళ్లి, మళ్లీ తమ ఇంటి మీదుగానే విజయవాడ వైపు ఎగిరి రావాలి. వాళ్లు దువ్వాడలో రత్నాచల్ ఎక్కేస్తే చాలు. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు మాత్రం విశాఖ ట్రాఫిక్ దాటే పని లేకుండా ఇంటి దగ్గరే విమానం ఎక్కే వీలు వస్తుంది. ఆ రెండు జిల్లాల నుంచి అమరావతికి వెళ్లాల్సినవాళ్లకు రైలు ప్రయాణం ఇంకో గంటా రెండు గంటలు ఎక్కువ కాబట్టి, వాళ్లు మాత్రం ముందు విమానం సమయాలు చూసి ఆ తర్వాతే రైలు వైపు చూడాలి.